ప్రవక్త పేరు వినగానే ముస్లింలు పలికే ఆ మాట: అది ఎవరిని ఉద్దేశించి?

మీ ప్రశ్నలో నిజానికి నాలుగు ప్రశ్నలు ఉన్నాయి. ముహమ్మద్ ప్రవక్త పేరు వచ్చినప్పుడల్లా మీ ముస్లిం మిత్రుడు గబగబా ఏదో అంటాడు, ఏసు పేరు వచ్చినా ఇంకేదో అంటాడు, అది పూజా, మర్యాదా? అనకపోతే పాపమా? తెలుగు పుస్తకాల్లో పేరు పక్కన కనిపించే (స) ఏమిటి? ముస్లిం కాని మీరు కూడా అనాలా? ఇస్లామీ పుస్తకాల తెలుగు ప్రూఫులు దిద్దుతూ చాలా కాలం గడిపిన వాణ్ని. ఆ (స)తో నాకున్నంత సహవాసం చాలామందికి ఉండదు. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మీ మిత్రుడు అనే మాట "సల్లల్లాహు అలైహి వసల్లమ్". వాడుకలో దీన్ని దరూద్ అంటారు, సలవాత్ అని కూడా అంటారు. అర్థం: "అల్లాహ్ ఆయనపై కరుణ కురిపించుగాక, శాంతి ప్రసాదించుగాక." గారు, శ్రీ లాంటి గౌరవవాచకం కాదిది. ఇది పూర్తి వాక్యం, ఒక దుఆ, అంటే వేడుకోలు. ఈ వాక్యంలో ఎవరు ఎవరిని అడుగుతున్నారో చూడండి. అడిగేది మనిషి, అడుగుతున్నది అల్లాహ్‌ను, ఎవరి కోసమంటే ప్రవక్త కోసం. ప్రవక్తను ఏదీ కోరడం లేదు. ఆయనకే ఏదో ఇవ్వమని దేవుణ్ని కోరుతున్నారు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. తాను పూజించే దేవుడి కోసం ఎవరూ ప్రార్థించరు, ఆ దేవుణ్నే ప్రార్థిస్తారు. ప్రవక్త పేరు వచ్చినప్పుడల్లా ముస్లిం చేస్తున్నది, ఆయన కూడా అల్లాహ్ కరుణ అవసరమైన దాసుడే అని మళ్లీ ఒకసారి ఒప్పుకోవడం. క్రైస్తవులు మర్యమ్ కుమారుణ్ని (ఏసును) మితిమీరి పొగిడినట్లు నన్ను పొగడకండి, నన్ను అల్లాహ్ దాసుడు, ఆయన ప్రవక్త అనండి అని ముహమ్మద్ (స) చెప్పిన మాట సహీహ్ బుఖారీ అనే హదీసుల (ప్రవక్త మాటలు, చేతల కథనాల) సంకలనంలో ఉంది. గౌరవించాలి, కానీ ఆ గౌరవం గీత దాటకూడదు. ఆ రెండు పనులూ ఈ ఒక్క వాక్యం చేస్తుంది.

ఈ ఆచారానికి మూలం ఖుర్ఆన్‌లోనే ఉంది. 33వ సూరా (అధ్యాయం) అల్ అహ్‌జాబ్, 56వ వాక్యం. దాని భావం ఇది: అల్లాహ్, ఆయన దూతలు ప్రవక్తపై సలాత్ పంపుతున్నారు, విశ్వాసులారా, మీరు కూడా ఆయనపై సలాత్ పంపండి, తగిన రీతిలో సలాం చెప్పండి. ఇది మదీనా కాలపు సూరా. శుక్రవారం ఖుత్బాలో (మసీదు ప్రసంగంలో) చాలా చోట్ల ఈ వాక్యాన్ని పఠిస్తారు. వినగానే జనం దరూద్ అందుకుంటారు.

ఇంటర్నెట్టులో ఈ వాక్యాన్ని పట్టుకుని ఒక వాదన తరచూ తిరుగుతూ ఉంటుంది. నమాజును కూడా సలాత్ అనే అంటారు గదా, అయితే అల్లాహ్ ముహమ్మద్ కోసం నమాజు చేస్తున్నాడా అని. జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. అదే సూరాలో పదమూడు వాక్యాల వెనక్కి వెళ్లి 43వ వాక్యం చూడండి. అక్కడ ఇదే క్రియ మామూలు విశ్వాసుల విషయంలో వచ్చింది: మిమ్మల్ని చీకట్లలోంచి వెలుగులోకి తీసుకురావడానికి మీపై సలాత్ పంపేవాడు ఆయనే, ఆయన దూతలు కూడా. అంటే అల్లాహ్ వైపు నుంచి వస్తే అది కరుణ, ప్రశంస. దూతల వైపు నుంచి అయితే వేడుకోలు. మనిషి వైపు నుంచి అయితే దుఆ. వాదన లేవదీసేవాళ్లు ఆ 43వ వాక్యం జోలికి రారు.

మరి "సలాత్ పంపండి" అన్నప్పుడు ఎలా పంపాలి? ఈ సందేహం మనకంటే ముందు ప్రవక్త సహచరులకే వచ్చింది. కఅబ్ బిన్ ఉజ్రా అనే సహచరుడు తరవాతి తరానికి చెందిన ఒకాయనను కలిసినప్పుడు, "నీకో కానుక ఇవ్వనా?" అని మొదలుపెట్టి ఈ సంగతి చెప్పాడు. ప్రవక్తా, మీకు సలాం ఎలా చెప్పాలో మాకు తెలిసింది, సలాత్ ఎలా పంపాలి అని వాళ్లు అడిగారట. అప్పుడు ప్రవక్త (స) నేర్పిన మాటలే నేటికీ నమాజులో చదివే దరూదె ఇబ్రాహీం: "అల్లాహుమ్మ సల్లి అలా ముహమ్మదిన్ వ అలా ఆలి ముహమ్మద్, కమా సల్లైత అలా ఇబ్రాహీమ వ అలా ఆలి ఇబ్రాహీమ, ఇన్నక హమీదుమ్ మజీద్." ఇబ్రాహీం ప్రవక్తపై, ఆయన కుటుంబంపై కరుణ కురిపించినట్లే ముహమ్మద్‌పై, ఆయన కుటుంబంపై కరుణ కురిపించు అని. ఆ తరవాత శుభాల కోసం అదే పద్ధతిలో మరో వాక్యం ఉంటుంది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. "మీరు సలాత్ పంపండి" అని ఆజ్ఞ వస్తే, "సరే, పంపుతున్నాం" అని విశ్వాసి అనడం లేదు. "అల్లాహ్, నువ్వే పంపు" అంటున్నాడు. ఆజ్ఞ ఇచ్చినవాడికే పనిని తిరిగి అప్పజెప్పినట్లు ఉంది కదా! పండితులు దీనికి చెప్పే వివరణ నాకు నచ్చుతుంది: ఆయన చేసిన మేలుకు తగిన బదులు ఇవ్వడం మనవల్ల అయ్యే పని కాదు, అందుకని ఇవ్వగలిగినవాణ్నే అడుగుతాం. తీర్చలేని ఉపకారం ఎవరైనా చేస్తే మన ఊళ్లలో పెద్దవాళ్లు చేతులెత్తి "దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాయనా" అంటారు చూడండి, ఆ మాటలో ఉన్న భావమే ఇది. తనకు దేవుడి దారి చూపించింది ఈయనే అని ముస్లిం నమ్ముతాడు. అంత ఋణం ఉన్న మనిషి పేరును వట్టిగా పలికి ఊరుకోవడం అతనికి మనసొప్పదు.

అల్లాహ్ దగ్గర అంత ఉన్నత స్థానంలో ఉన్న ప్రవక్తకు మన దుఆ అవసరమా అని కొందరు అడుగుతారు. అల్లాహ్ కరుణకు ఇక చాలు అనే అంచు లేదు కాబట్టి ఎంత అడిగినా తగుతుందని ఒక జవాబు. అసలు లాభం అడిగేవాడికే అని ఇంకో జవాబు. "నాపై ఒకసారి దరూద్ పంపిన వారిపై అల్లాహ్ పదిసార్లు పంపుతాడు" అన్న హదీసు సహీహ్ ముస్లిం అనే సంకలనంలో ఉంది. అనకుండా ఊరుకునేవాడి గురించి తిర్మిజీ సంకలనంలో మరో హదీసు ఉంది: నా ప్రస్తావన వచ్చినా నాపై దరూద్ పంపనివాడే పిసినారి. పాపి అనో ద్రోహి అనో అనలేదు, పిసినారి అన్నారు. పైసా ఖర్చులేని మాటకు కూడా నోరు రాలేదంటే అంతకంటే పిసినారితనం ఏముంటుంది!

తప్పనిసరా అన్న ప్రశ్నకు ధర్మశాస్త్రజ్ఞుల సమాధానాలు రకరకాలు. జీవితంలో ఒక్కసారైనా చెప్పడం విధి అనే దాంట్లో పెద్దగా పేచీ లేదు. నమాజు చివరి కూర్చోవడంలో దరూద్ తప్పనిసరి అని షాఫయీ ధర్మశాస్త్ర సంప్రదాయం వాళ్లు అంటారు, సున్నత్ (చేయదగినది, విధి కాదు) అని హనఫీ సంప్రదాయం వాళ్లు అంటారు. మన తెలుగు ప్రాంతాల ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే. పేరు విన్న ప్రతిసారీ చెప్పాల్సిందే అన్న హనఫీ పండితుడు తహావీ ఉన్నాడు. ఒకచోట కూర్చుని మాట్లాడుకునేంతసేపట్లో ఒకసారి తప్పనిసరిగా చెప్పి, తరవాత ఎన్నిసార్లు చెబితే అంత మంచిది అన్నవాళ్లూ ఉన్నారు. మాటల మధ్య ఒకసారి మరిచిపోయాడని ఎవరూ ఎవరినీ నిలదీయరు. గుర్తొచ్చినప్పుడు చెప్పుకుంటారు, అంతే.

వ్యవహారంలో ఇది ఎంత అల్లుకుపోయిందో బయటివాళ్లకు తెలియదు. నమాజు చేస్తున్న మనిషిని చివరి కూర్చోవడంలో గమనించండి. మోకాళ్లు మడిచి కూర్చుని, చేతులు తొడలపై ఉంచి, పెదవులు కదిలీ కదలనట్లు అత్తహియ్యాతు అనే వచనం చదువుతాడు. అందులోనే "ప్రవక్తా, మీకు సలాం" అనే మాట ఉంది. సాక్ష్యవచనం దగ్గర కుడి చూపుడువేలు లేస్తుంది. ఆ తరవాత దరూదె ఇబ్రాహీం, ఇంకో దుఆ, అప్పుడు కుడివైపు ఒక సలాం, ఎడమవైపు ఒక సలాం. రోజుకు ఐదు పూటలా ఇదే. చనిపోయినవారి కోసం చేసే జనాజా నమాజులో నాలుగు తక్బీర్లు ('అల్లాహు అక్బర్' అనడాలు) ఉంటాయి, రెండోదాని తరవాత చదివేది దరూదే. నమాజుకు పిలిచే అజాన్ విన్నాక చదివే దుఆ సంగతి చాలామంది ముస్లింలు కూడా ఆలోచించరు. అందులో ముహమ్మద్ ప్రవక్తకు స్వర్గంలో వసీలా అనే స్థానాన్ని ఇవ్వమని అల్లాహ్‌ను అడుగుతారు. మసీదులో ప్రసంగం జరుగుతున్నప్పుడు ప్రవక్త పేరు వచ్చిన చోటల్లా వరసల్లోంచి ఒక సన్నని గుసగుస లేచి అణగిపోతుంది. కొత్తగా విన్నవాళ్లకు ఏమైందో అర్థం కాదు.

ఏసు విషయానికి వద్దాం. ముస్లింలకు ఆయన ఈసా అలైహిస్సలామ్, అంటే "ఆయనకు శాంతి కలుగుగాక". మూసా, ఇబ్రాహీం, నూహ్, యూసుఫ్, యూనుస్ లాంటి ఏ ప్రవక్త పేరు వచ్చినా ఇదే మాట. దైవదూత జిబ్రీల్‌కు కూడా ఇదే. ఈసా తల్లి మర్యమ్‌కు స్త్రీలింగంలో అలైహస్సలామ్ అంటారు. దీనికీ ఖుర్ఆన్‌లోనే ఆధారం ఉంది. 37వ సూరాలో నూహ్‌కు సలాం, ఇబ్రాహీంకు సలాం, మూసా హారూన్‌లకు సలాం అని ఒక్కొక్కరి కథ చివరా వస్తుంది. సూరా ముగింపులో ప్రవక్తలందరికీ కలిపి సలాం ఉంటుంది. యూదులు కూడా గతించిన పెద్దల పేరు చెప్పినప్పుడు "అలావ్ హషాలోమ్" అంటారు. హీబ్రూ, అరబ్బీ దగ్గరి బంధువులు కాబట్టి మాటలు రెండూ చెవికి అక్కచెల్లెళ్లలా వినిపిస్తాయి.

పెద్ద మాట ముహమ్మద్ ప్రవక్తకు, చిన్న మాట మిగతా ప్రవక్తలకు అన్న విభజన మొదటినుంచీ రాయి మీద గీసినట్లు ఏమీ లేదు. జెరూసలేంలో బంగారు గుమ్మటంతో కనిపించే కుబ్బతుస్ సఖ్రా కట్టడాన్ని ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ కట్టించాడు. దానిలోని శాసనం హిజ్రీ 72 నాటిది, అంటే క్రీ.శ. 691-92. ఈనాటికీ నిలిచి ఉన్న తొలి ఇస్లామీ కట్టడాల్లో అదొకటి. ఆ శాసనంలో నేను పైన చెప్పిన 33:56 వాక్యం ఉంది, ముహమ్మద్ పేరు పక్కన సలాత్ వాక్యం ఉంది. లోపలి వైపు ఇంకో వాక్యం కూడా ఉంది. దాని భావం: "అల్లాహ్, నీ ప్రవక్త, నీ దాసుడు, మర్యమ్ కుమారుడు ఈసాపై కరుణ కురిపించు. ఆయన పుట్టిన రోజున, మరణించే రోజున, తిరిగి లేపబడే రోజున ఆయనకు శాంతి." క్రైస్తవుల పవిత్ర నగరంలో, వాళ్ల చర్చీలకు కూతవేటు దూరంలో, ఈసా కోసం ముస్లింలు రాయించిన దరూద్ అది! అందులో గౌరవం ఉంది. ఆయన దేవుడు కాదు, దేవుడి కరుణ కోరవలసిన దాసుడు అనే వాదం కూడా ఉంది. దరూద్ చేసే రెండు పనులు ఒకేచోట చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అంతకంటే వెనక్కి పోతే ప్రవక్తే (స) ఈ మాటను మామూలు మనుషుల కోసం వాడారు. అబూ ఔఫా అనే ఆయన జకాత్ (విధిగా ఇచ్చే దానం) సొమ్ము తెచ్చి ఇచ్చినప్పుడు, "అల్లాహ్, అబూ ఔఫా కుటుంబంపై సలాత్ పంపు" అని దుఆ చేసినట్లు బుఖారీలో ఉంది. మరి ఇప్పుడు ఎవరి పేరు పక్కనైనా పెట్టవచ్చా అంటే, వద్దన్నారు పండితులు. 1277లో మరణించిన డమాస్కస్ పండితుడు నవవీ చెప్పిన కారణం సూటిగా ఉంటుంది. "అజ్జ వ జల్ల" (శక్తిమంతుడు, ఘనుడు) అనే స్తుతి అర్థరీత్యా ప్రవక్తకు కూడా సరిపోతుంది, అయినా అది అల్లాహ్‌కే పరిమితం. అలాగే సలాత్ ప్రవక్తల గుర్తుగా స్థిరపడిపోయింది, దాన్ని కలగాపులగం చేయకూడదు. అందుకే సహచరుల పేర్ల తరవాత రజియల్లాహు అన్హు, అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక అంటారు. స్త్రీలకైతే అన్హా. తరవాతి కాలపు పుణ్యపురుషులకు రహ్మతుల్లాహి అలైహ్, ఆయనపై అల్లాహ్ కరుణ ఉండుగాక అని. అంటే పేరు పక్కన మాట చూడగానే ఆ మనిషి ప్రవక్తా, సహచరుడా, తరవాతి పండితుడా అన్నది తేలిపోతుంది. అనువాదాలు దిద్దేవాడికి ఇదెంత సాయమో చెప్పలేను. ఒకే పేరున్నవాళ్లు అరబ్బు చరిత్రలో కొల్లలు.

షియాల దగ్గర ఈ హద్దులు వేరు. వాళ్లు దరూద్‌లో ప్రవక్త కుటుంబాన్ని తప్పక చేరుస్తారు, "సల్లల్లాహు అలైహి వ ఆలిహి వసల్లమ్" అని. అలీ మొదలు పన్నెండుగురు ఇమాముల పేర్ల పక్కన అలైహిస్సలామ్ అంటారు. హైదరాబాద్ పాతబస్తీలో దారుల్‌షిఫా వైపు మొహర్రం మజ్లిస్‌కు (సంతాప సభకు) వెళితే, ప్రసంగం మధ్యలో సలవాత్ అనగానే సభంతా ఒక్క గొంతుతో "అల్లాహుమ్మ సల్లి అలా ముహమ్మదిన్ వ ఆలి ముహమ్మద్" అంటుంది. సున్నీలు ఎక్కువగా నోట్లోనే అనుకుంటారు. సున్నీల్లో కూడా కొన్ని మసీదుల్లో లేచి నిలబడి సామూహికంగా సలాం పాడతారు, కొన్ని చోట్ల అది పనికిరాదంటారు. అజాన్‌లో పేరు వినగానే బొటనవేళ్లు ముద్దాడి కళ్లకు అద్దుకునే అలవాటు మీద కూడా ఇలాంటి తగువే ఉంది. ఆ తగువులన్నీ పద్ధతి గురించి. దరూద్ చెప్పాలా వద్దా అన్నది ఏ వర్గంలోనూ తగువు కాదు.

ఎప్పుడు అనరు అన్నది కూడా తెలుసుకోవాలి. పేరు ప్రవక్తది అయినప్పుడే అంటారు. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరు చెప్పి ఎవరూ దరూద్ చదవరు. ఇబ్రాహీం, యూసుఫ్, మూసా అనే కుర్రాళ్లను అన్నానికి పిలిచేటప్పుడు తల్లులు అలైహిస్సలామ్ అనరు. ఖుర్ఆన్‌లో ముహమ్మద్ అనే పేరు నాలుగు చోట్ల వస్తుంది. పఠించేటప్పుడు ఆ వాక్యం మధ్యలో దరూద్ చేర్చరు, ఎందుకంటే దైవవచనంలో మరో మాట కలపకూడదు. అజాన్ ఇచ్చే ముఅజ్జిన్ కూడా అంతే, పేరు పలికి ముందుకు సాగుతాడు.

ఇక నా రంగానికి వస్తాను. తెలుగు పుస్తకాల్లో (స) అంటే సల్లల్లాహు అలైహి వసల్లమ్. (అలై) లేదా (అ.స) అంటే అలైహిస్సలామ్, (రజి) అంటే రజియల్లాహు అన్హు, (రహ్మ) అంటే రహ్మతుల్లాహి అలైహ్. చోటు కలిసివస్తుందని ఇలా కుదిస్తారు. కుదించడం సరేనా అన్న చర్చ మన అచ్చుయంత్రాల కంటే చాలా పాతది. 1245లో మరణించిన హదీసు శాస్త్ర పండితుడు ఇబ్నుస్ సలాహ్ లేఖకులకు గట్టిగానే చెప్పాడు: పేరు వచ్చిన ప్రతిచోటా దరూద్ రాయండి, మళ్లీ మళ్లీ రాయాల్సి వస్తోందని విసుక్కోకండి, రెండక్షరాలతో సరిపెట్టకండి, "వసల్లమ్" ఎగ్గొట్టకండి. అలా ఎగ్గొట్టే అలవాటున్న హమ్జా అల్ కినానీ అనే పండితుడికి ప్రవక్త (స) కలలో కనిపించి, నాపై దరూద్ ఎందుకు పూర్తి చేయవు అని అడిగారట. ఆ తరవాత ఆయన పూర్తిగానే రాశాడని చెబుతారు. దరూద్‌ను మొట్టమొదట అక్షరాలుగా కుదించినవాడి చెయ్యి నరికేశారన్న కథ కూడా ఒకటి ప్రచారంలో ఉంది. లేఖకులను బెదిరించడానికి పుట్టిన కథ అనే నా అనుమానం.

మరోవైపు, 855లో బాగ్దాద్‌లో మరణించిన ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ అంతటివాడి చేతిరాతలో చాలా చోట్ల ప్రవక్త పేరు పక్కన దరూద్ కనిపించదని ఖతీబ్ బగ్దాదీ అనే హదీసు పండితుడు నమోదు చేశాడు. రాయకపోయినా నోటితో అనేవాడని తనకు తెలిసిందని కూడా రాశాడు. గురువు నుంచి విన్న పాఠంలో లేని మాటను తాను చేర్చకూడదన్న జాగ్రత్త దానికి కారణమని పండితుల వివరణ. నా మట్టుకు నేను దీన్ని ఆధారం చేసుకునే ప్రూఫుల్లో (స) చూసి కలవరపడను. రాత చదువరికి గుర్తు చేస్తే చాలు, దుఆ నోటిదీ మనసుదీ. కానీ గ్రంథమంతా పూర్తిగా అచ్చు వేయిస్తామని రచయిత పట్టుబడితే సంతోషంగా సరేనంటాను. ఈ రోజుల్లో కంప్యూటర్‌లో ఆ తగువు కూడా సగం తీరిపోయింది. యూనికోడ్‌లో ఎఫ్‌డీఎఫ్‌ఏ అనే సంకేతం ఉన్న ఒక్క అక్షరంలో, ఖాళీలతో సహా పద్ధెనిమిది అరబ్బీ సంకేతాల దరూద్ వాక్యం మొత్తం ఇమిడి ఉంటుంది. తెలుగు ఫాంట్లలో అది సాధారణంగా ఉండదు కాబట్టి మనకు బ్రాకెట్లు తప్పడం లేదు.

మీరు అనాలా? అక్కర్లేదు. ఆజ్ఞ "విశ్వాసులారా" అని మొదలవుతుంది. ముస్లిం కానివారు అనాలని ఎవరూ ఆశించరు, మీ మిత్రుడు కూడా ఆశించడు. పత్రికల్లో, చరిత్ర పుస్తకాల్లో "ముహమ్మద్ ప్రవక్త" అని రాస్తారు, అది చాలు. నమ్మకం లేకుండా మొహమాటానికి అనాల్సిన పని అసలే లేదు. అయితే ఏ మీలాద్ (ప్రవక్త పుట్టినరోజు) సభలోనో మైకు ముందు నిలబడి ఎవరో రాసిచ్చిన కాగితం చదవాల్సి వస్తే మాత్రం ఒక జాగ్రత్త తీసుకోండి. (స)ను "స" అని, (రజి)ని "రజి" అని చదవకండి. చదువుకున్నవాళ్లు కూడా అలా చదవగా విన్నాను, ఇంటిపేరు అనుకున్నారో ఏమో. ముందుగా ఎవరినైనా అడిగి సల్లల్లాహు అలైహి వసల్లమ్ అని పలకడం నేర్చుకుంటే మంచిదే. నోరు తిరగకపోతే "ముహమ్మద్ ప్రవక్త" అని చదివి ఒక్క క్షణం ఆగి ముందుకు సాగండి. మిగతాది సభలో కూర్చున్నవాళ్లు చూసుకుంటారు.